ఎండిపోతున్న చలవబండి

సోమవారం, కొండాస్పత్రి ఆవరణ

బండిలో వాంతి చేసుకున్నవాళ్ళెవరూ దిగేటప్పుడు నా మొహం చూడరు. ఇవాళ ఇద్దరు చేసుకున్నారు. ఇద్దరూ తల వంచుకుని, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని మిషన్ల గదిలోకి వెళ్ళిపోయారు. జబ్బు మనుషుల మీద విసుక్కోకూడదని నాకు తెలుసు. కానీ సీటు సందులో వేళ్ళు పెట్టి దాన్ని గుడ్డతో తోడుతున్నప్పుడు మనసులో దయ లాంటిదేమీ మిగలదు. రోత ఒక్కటే మిగులుతుంది. పైగా ఈమధ్య ఆ వాంతికి తియ్యటి వాసన వస్తోంది. పుల్లటి కంపునైనా ఓర్చుకోవచ్చు గానీ తియ్యటి కంపును ఓర్చుకోవడం నా వల్ల కావడం లేదు.

బండి నడిపేవాళ్ళు బండి సంగతి ఏ రోజుకారోజు రాసిపెట్టాలని గొడుగూరు కట్టుబాటు. నా ముందరి డ్రైవరు సత్తెయ్య రెండే ముక్కలు రాసేవాడు: వెళ్ళింది, వచ్చింది. నాకు అంతకంటే తీరిక ఉంది. ఎండ రాకముందే రోగుల్ని ఎక్కించుకుని, ఊరంతటికీ ఎండ ఆపే గుడ్డ పందిరి దాటి, ఉప్పు పేరుకున్న బయలు దాటి కొండెక్కుతాను. ఇక్కడ మిషన్లు వాళ్ళ రక్తం కడుగుతాయి. ఎండ కొండ వెనక్కి వాలాక వాళ్ళను మళ్ళీ ఇళ్ళకు చేరుస్తాను. నడిమధ్య అంతా ఎదురుచూడటమే. అందుకని ఎక్కువ రాస్తాను.

ఇవాళ్టి సంగతి ఇది. కొండ ఎక్కుతుంటే లోపలి చల్లదనం తగ్గింది. దిగి మూత తీసి చూస్తే కూలెంట్ డబ్బాలో మట్టం కింది గీత కంటే కిందికి పోయింది. పోయిన వారం నేనే నింపాను. బండి కింద పడుకుని చూశాను. ఎక్కడా తడి లేదు.

మా బండిలో బ్యాటరీ పెట్టె చుట్టూ తిరిగేదీ, మేం కూర్చునే గదిని చల్లబరిచేదీ ఒకటే కూలెంట్. అది తగ్గితే ముందు మాకు చెమట పడుతుంది. తర్వాత బ్యాటరీ కాగుతుంది. ఆ తర్వాత బండి తనంతట తానే ఆగిపోతుంది. బయల్లో, పట్టపగలు ఆగిపోయిన బండిలో మనిషి ఏమవుతాడో నాకు తెలుసు. సత్తెయ్యను బయటికి లాగినవాళ్ళలో నేనూ ఉన్నాను.

వెనక ఉన్న అదనపు డబ్బాలోంచి పోసి మట్టం సరిచేశాను.

బుధవారం, గొడుగూరు షెడ్డు

మట్టం మళ్ళీ పడిపోయింది.

షెడ్డు మెకానిక్కు కొండలరావు బండి కిందికి దూరి చాలాసేపు మూలిగాడు. ఆయన మూలుగులో సగం నడుం నొప్పి, సగం ఆలోచన. గొట్టాలన్నీ చేత్తో తడిమాడు. బిగింపులన్నీ విప్పి మళ్ళీ బిగించాడు. కూలెంట్ కారి ఆరిపోయిన చోట తెల్లగా పొక్కు కడుతుందట, దానికోసం పంపు చుట్టూ వెతికాడు. ఏమీ దొరకలేదు. చివరికి మూతలోని రబ్బరు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

"ఇదే దొంగ," అన్నాడు. "ఆవిరంతా దీని సందునుంచి ఎగిరిపోతంది. కొత్తది ఏసేస్తాను, ఇంక సూసుకో."

కొత్త రబ్బరు వేశాడు. అది దొంగ కాదని నాకు అప్పుడే అనిపించింది. ఆవిరి ఎగిరిపోతే మూత చుట్టూ జిడ్డు ఉండాలి. మూత అద్దంలా ఉంది.

షెడ్డు తాళాలు నా తమ్ముడు గవరయ్య దగ్గర ఉంటాయి. బండికి చార్జింగ్ పెట్టేదీ, తుడిచేదీ వాడే. వాణ్ణి అడిగాను, ఎవరైనా బండి దగ్గరకు వస్తున్నారా అని.

"ఎవులొస్తారప్పా, నానుండగా," అన్నాడు. అక్కనని నన్ను అప్పా అంటాడు. నోట్లోంచి గులాబీల వాసన కొట్టింది. ఈమధ్య ఊళ్ళో అందరి నోళ్ళూ ఆ వాసనే. షెడ్డు గేటు పక్కన జగ్గారావు రోజా పానకం అమ్ముతున్నాడు. చెరకు తోటలన్నీ ఉప్పునేల కింద పోయాక ఈ ఊరివాళ్ళు తీపి రుచి చూసి ఎరగరు. ఇప్పుడు గుక్కెడు తీపి కోసం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతున్నారు. తాగి, మూతి నాక్కుని, అక్కడే ఉమ్మేస్తారు. ఆ గులాబీ రంగు ఉమ్ముల మీద అడుగు వెయ్యకుండా నేను షెడ్డులోకి పోలేను. నాకు ఆ తియ్యటి వాసనే పడదు. జగ్గారావు ఎన్నిసార్లు గ్లాసు చాచినా వద్దనే అన్నాను.

ఊళ్ళో అతనికి మంచి పేరు. కొండకు పోయే రోగులకు తలా ఒక సీసా ఊరికే ఇస్తాడు. ఎక్కేటప్పుడు పేరు పేరునా పలకరించి మరీ చేతిలో పెడతాడు.

శనివారం, గొడుగూరు షెడ్డు

కొండలరావు ఇవాళ గాలి పరీక్ష చేశాడు. కూలెంట్ డబ్బాకు పంపు తగిలించి గాలి కొట్టి, ముల్లు ఎక్కడుందో గీత గీసి, భోజనానికి పోయి వచ్చాడు. ముల్లు గీత మీదే ఉంది. ఎక్కడా కారడం లేదని అర్థం.

"మరి నీళ్ళు ఎటు పోతన్నట్టు?" అని అడిగాను.

ఆయన పంపు విప్పి పక్కన పెట్టాడు. తర్వాత బ్యాటరీ పెట్టె మీద అరచెయ్యి వేశాడు. "లోపల. పెట్టె లోపలే ఎక్కడో సన్నగా సిట్లి ఉంటాది. గాలికి తెలవదు, ఏడెక్కినప్పుడే తెరుసుకుంటాది. అదే నిజమైతే పైడితల్లీ, ఒక పొద్దున భగ్గుమంటాది. పెట్టె ఇప్పాలంటే కొండ మీద కార్ఖానాకి పంపాల. అయిదారు నెలలు బండి ఉండదు."

బండి లేకపోతే నా రోగులు నెల తిరక్కుండా చచ్చిపోతారు. ఈ మాట ఆయనకూ తెలుసు. ఇద్దరం ఆ పెట్టెను శవాన్ని చూసినట్టు చూస్తూ నిలబడ్డాం.

చివరికి ఒక పని చేద్దామన్నాడు. ఆస్పత్రి కార్ఖానా నుంచి తెచ్చుకున్న రంగు మందు ఒక బుడ్డి ఆయన దగ్గరుంది. మామూలు వెలుతురులో కనబడదు. ఊదా దీపం వేస్తే మాత్రం పచ్చగా మెరుస్తుంది. కూలెంట్‌లో అది కలిపి బండి తిప్పితే, ఎక్కడ చుక్క కారినా అక్కడ మెరుస్తుంది. బుడ్డి మొత్తం వంచేశాం. దీపం నా సీటు కింద పెట్టుకున్నాను.

షెడ్డులోంచి వస్తుంటే నూకాలు కనబడింది. నూకాలు ఊరి పందిరి కుట్టే మనిషి. చిరిగిన చోటల్లా నిచ్చెన వేసుకుని ఎక్కి, ఎండ వీపు మీద పెట్టుకుని, దబ్బనంతో కుడుతుంది. నోరు పెద్దది, గుండె అంతకంటే పెద్దది. అలాంటిది ఇవాళ నిచ్చెన మొదట్లో తల పట్టుకుని కూర్చుంది.

"ఏటైనాదే?" అన్నాను.

"కళ్ళు తిరుగుతన్నాయొదినా. పొద్దున రెండు మెట్లెక్కీసరికి నేల ఊగినట్టయినాది. పైనుంచి పడితే మా ఆయన మళ్ళీ పెళ్ళాడేత్తాడు, ఆ బాగ్గెం ఆడికెందుకు?"

నవ్వాను గానీ దాని మొహం నాకు నచ్చలేదు. కళ్ళ కింద ఉబ్బింది. నా రోగుల మొహాలన్నీ మొదట్లో అలాగే ఉండేవి.

మంగళవారం, కొండాస్పత్రి

దుమ్ము గాలి లేచి నిన్న తిరిగి వెళ్ళలేకపోయాం. బండి రాత్రంతా ఇక్కడే ఉంది, ఇవాళ కూడా ఇక్కడే. రోగులు వరండాలో పడుకున్నారు. నేను బండిలో పడుకున్నాను. ముక్కులోకి ఆ పాత కంపు ఎక్కి నిద్ర రాలేదు.

పొద్దున లేచి కూలెంట్ చూశాను. ఎక్కడిదక్కడే ఉంది. సాయంత్రం చూశాను. వెంట్రుకవాసి కూడా తగ్గలేదు.

కొండ ఎక్కినప్పుడు బండి బాగా వేడెక్కింది. కొండలరావు చెప్పినట్టు పెట్టె లోపల చిట్లి ఉంటే నిన్ననే తగ్గాలి. తగ్గలేదంటే ఈ బండి ఇక్కడ కారదు. దారిలో కారదు. మా షెడ్డులోనే కారుతుంది. నిలబడి ఉన్నప్పుడు మాత్రమే కారే బండి నేనెక్కడా చూడలేదు.

డాక్టర్ ఫర్హానా గారు వరండాలో నిలబడి టీ తాగుతూ నాతో మాట్లాడారు. "మీ ఊరినుంచి ఈ రెండు నెలల్లో కొత్త కేసులు చాలా వచ్చాయి పైడితల్లీ. పాత వాళ్ళ సంగతి వేరు, ఉప్పునీళ్ళ వల్ల అనుకున్నాం. ఈ కొత్తవాళ్ళు బలంగా ఉన్న మనుషులు. ఉన్నట్టుండి కిడ్నీలు పాడవుతున్నాయి. మీ నీళ్ళు మూడుసార్లు పరీక్ష చేయించాను. ఏమీ లేదు."

నాకు తోచిందేమీ లేక, మా ఊళ్ళో దోమలు కూడా ఎక్కువయ్యాయని చెప్పాను. ఆవిడ నవ్వి లోపలికి వెళ్ళారు.

గురువారం పొద్దున, గొడుగూరు

నిన్న సాయంత్రం తిరిగి వస్తుంటే పాపయ్య అనే ముసలాయన వెనక సీట్లో వాంతి చేసుకున్నాడు. ఇవాళ పొద్దున షెడ్డు తలుపులు మూసుకుని కడగడానికి కూర్చున్నాను. ఎలాగూ కూర్చున్నాను కదా అని ఊదా దీపం తీశాను. లోపలి చల్లగొట్టం ఏమైనా చెమరుస్తుంటే సీట్ల కింద తెలుస్తుందని. ముందు బయట చూశాను. గొట్టాలు, పంపు, పెట్టె అంచులు, అన్నీ నల్లగానే ఉన్నాయి. తర్వాత లోపలికి వంగి దీపం వేశాను.

సీటు మీది వాంతి పచ్చగా వెలిగింది.

నాకు మొదట ఏమీ అర్థం కాలేదు. గొట్టం కారి దాని మీద పడిందనుకున్నాను. గొట్టం పొడిగా ఉంది. సీటు కింద పాపయ్య పడేసిన పానకం సీసా దొర్లుతోంది. అడుగున కొద్దిగా మిగిలి ఉంది. దాని మీద వేశాను. అదీ వెలిగింది, అంతకంటే ఎక్కువగా.

చేతిలో గుడ్డ అక్కడే పడేశాను. బయటికి వచ్చి, పందిరి నీడన ఇంకా చీకటిగానే ఉన్న గేటు దగ్గర నేల మీద వేశాను. జనం ఉమ్మిన ఉమ్ములన్నీ పచ్చటి చుక్కల్లా మెరిశాయి. ఆ చుక్కలు గేటు నుంచి ఇళ్ళ దాకా పోతున్నాయి.

నాకు కూడా వాంతి అయింది. పొద్దున తిన్న గంజి తప్ప అందులో ఏమీ లేదు. అయినా దాని మీదా దీపం వేసి చూసుకున్నాను.

గురువారం, కొండాస్పత్రి

పొద్దున రాసిన తర్వాత జరిగింది ఇప్పుడు రాస్తున్నాను. వాసన ఇంకా వదల్లేదు.

మిట్టమధ్యాహ్నం గొడుగూరులో అందరూ ఇళ్ళలో ఉండి తీరాలి. తలుపులకు తడిగుడ్డలు కట్టుకుని పడుకుంటారు. బూర ఊదగానే ఊరంతా తలుపులు మూసుకుంటుంది, దాన్నే మూత వేళ అంటాం; ఆ తర్వాత కుక్క కూడా తిరగదు. ఎవరైనా షెడ్డులో దొంగపని చేయాలంటే అదే సమయమని తోచి, నేను ఇంటికి పోకుండా టైర్ల గుట్ట వెనక కూర్చున్నాను.

బూర ఊదిన కాసేపటికి నా తమ్ముడు వచ్చాడు. వాడి దగ్గర తాళాలున్నాయి కాబట్టి వాడు దొంగలా రాలేదు. ఈల వేసుకుంటూ వచ్చాడు. బండి మూత ఎత్తి, కూలెంట్ డబ్బాలో సన్న రబ్బరు గొట్టం దించి, రెండో కొస నోట్లో పెట్టుకుని పీల్చాడు. ద్రవం నోట్లోకి వచ్చినా ఉమ్మలేదు. మింగాడు. పెదాలు నాక్కుని గొట్టం కొసను పక్కనున్న డబ్బాలోకి వంచి పట్టుకున్నాడు.

నేను లేచి వెళ్ళి నిలబడ్డాను.

"అప్పా," అన్నాడు. గొట్టం కొస ఇంకా చేతిలోనే ఉంది.

"ఏటి సేస్తన్నావురా?"

"కోప్పడకు. కొంచెవే కదా. బండికేటవదు, నాను సూసే తీస్తన్నాను. పూర్తిగా ఎప్పుడూ తియ్యలేదు."

"ఎందుకు తీస్తన్నావని అడుగుతన్నాను."

"జగ్గారావన్నకి. ఇన్నాళ్ళూ షెడ్డులోని పాత డబ్బాలు ఇచ్చినాను, అవయిపోయినాయని బండిలోంచి తీస్తన్నాను. దీంట్లోనే రోజా నీళ్ళు కలుపుతాడు. తియ్యగుంటాది, నాలిక మీద ఏసి సూడు. నడి పందిరి కింద నాకో గది ఇప్పిస్తనన్నాడు. అక్కడ ఎండ కొట్టదు గదా. నీకూ ఉంటాదిలే అప్పా, ఇద్దరం ఉందుం."

వాడు సిగ్గు లేకుండా చెప్పాడు. నన్ను సంతోషపెడుతున్నాననే అనుకున్నాడు. నేను కొట్టాను. నా చెయ్యి వాడి మూతికి తగిలింది, తియ్యటి తడి నా వేళ్ళకు అంటుకుంది. ఆ వేళ్ళను ఎక్కడ తుడుచుకోవాలో నాకు తెలియలేదు.

వాణ్ణి చొక్కా పట్టుకుని లాక్కుంటూ జగ్గారావు ఇంటికి తీసుకుపోయాను. మూత వేళ తలుపు కొడితే ఎవరూ తియ్యరు. అతను తీశాడు. సరుకు వచ్చిందనుకుని ఉంటాడు. వెనక గదిలో పీపాలు వరసగా ఉన్నాయి. వాసన మొహం మీద గుడ్డలా పడింది.

"కూర్చో చెల్లెమ్మా," అన్నాడు. "ఎండలో పడి వచ్చావు."

"బండిలో పోసేది మనుషుల చేత తాగిస్తన్నావా?"

అతను తడబడలేదు. "ఏదైనా మోతాదులో ఉంటే మందే. ఎన్ని నీళ్ళు కలుపుతున్నానో నాకు తెలుసు. ఈ ఊళ్ళో పుట్టినప్పట్నుంచీ ఉప్పు తప్ప రుచెరగని మనుషులున్నారు. వాళ్ళ నోట్లో తీపి పెట్టాను. పాపమంటావా?"

గడప మీద ఉన్న గ్లాసు తీసి పీపాలో ముంచి అతని ముందు పెట్టాను. "తాగు."

"నాకు సుగర్ ఉందమ్మా," అన్నాడు.

ఈ ఊళ్ళో చక్కెర గింజ చూసినవాడు లేడు. ఈ మనిషికి సుగరుంది. నేను అతని కళ్ళలోకి చూశాను. అతనికి తెలుసు. మొదటినుంచీ తెలుసు. తెలిసే నా బండెక్కే రోగులకు సీసాలు పంచాడు. మిషన్లు ఉన్నవాళ్ళకు ఏం జరిగినా ఎవరూ అనుమానించరని పంచాడు. కొత్త పీపా కలిపినప్పుడల్లా మోతాదు ఎక్కువైందేమో ముందు వాళ్ళ మీద చూసుకునేవాడని నాకిప్పుడు అర్థమవుతోంది.

"సూడప్పా, ఏటవదు," అని గవరయ్య ఆ గ్లాసు అందుకుని నోటికెత్తాడు. నన్ను ఒప్పించాలని. నేను కొట్టిన దెబ్బకు గ్లాసు గోడకు తగిలి పగిలింది. జగ్గారావు వాణ్ణి ఆపడానికి చెయ్యి కూడా ఎత్తలేదు. వాడు తాగబోతుంటే చూస్తూ నిలబడ్డాడు. అది నా తమ్ముడు కూడా చూశాడు. వాడి మొహం అప్పుడు మారింది.

"అన్నా," అన్నాడు, "నువ్వెప్పుడూ తాగవేటి?"

జగ్గారావు పగిలిన గాజుముక్కల్ని కాలితో పక్కకు తోశాడు.

అంతలో వీధిలో అరుపులు. నూకాలు మొగుడు దాన్ని భుజాన వేసుకుని మూత వేళ పరిగెత్తుకొస్తున్నాడు. దానికి స్పృహ లేదు. నోటినుంచి నురగ. నిన్నట్నుంచి మూత్రం రాలేదట. వెనకాల ఇంకో ఇద్దరు, పక్కింటి దంపతులు, ఒకరినొకరు పట్టుకుని తాగినవాళ్ళలా తూలుతూ వచ్చారు.

"ఒదినా, బండి తియ్యి," అన్నాడు నూకాలు మొగుడు. "దానికేదో అయిపోతంది."

బండిలో కూలెంట్ లేదు. నా తమ్ముడు ఇవాళ్టి వంతు అప్పుడే తోడేశాడు, నేను లాగినప్పుడు ఆ డబ్బా ఒలికిపోయింది, వదిలేసిన గొట్టంలోంచి మిగతాది కూడా నేల మీదికి కారిపోయి ఉంటుంది. నా అదనపు డబ్బా ఎప్పుడో అయిపోయింది. కొత్త కూలెంట్ నిలవ ఉంచే గోదాము తాళాలు పంచాయితీ పెద్ద బంగారునాయుడు గారి దగ్గరుంటాయి. ఆయన పోయిన వారమే కొండ మీదికి వెళ్ళారు. ఊళ్ళో మిగిలిన నీళ్ళు ఉప్పునీళ్ళు, అవి పోస్తే పంపు నిమిషాల్లో పట్టేస్తుంది. తాగునీళ్ళు ఇంటికి ఒక కుండ.

నేను జగ్గారావు పీపాల వైపు చూశాను.

"నీళ్ళు కలపనిది ఏది?" అని గవరయ్యను అడిగాను.

వాడు మూలనున్న పీపా చూపించాడు. రంగు, రోజా ఎసెన్సు కలిపారు గానీ నీళ్ళింకా కలపలేదు. గవరయ్య, నూకాలు మొగుడు కలిసి దాన్ని దొర్లించుకుంటూ షెడ్డుకు తెచ్చారు. జగ్గారావు మా వెంట నడుస్తూ అది తన సరుకని అంటూనే ఉన్నాడు. కొండలరావు బూర సంగతి మరిచి పరిగెత్తుకొచ్చి, గుడ్డ వేసి వడగట్టి, ఆ గులాబీ రంగు జిగురును బండిలో పోశాడు. పోస్తూ ఏడ్చాడు. ఆయన భార్య రోజూ రెండు గ్లాసులు తాగుతుంది.

మిట్టమధ్యాహ్నం ఈ బయలు దాటినవాళ్ళు లేరు. అద్దాల మీద ముసుగులు దించి, ఎదర ఒక జానెడు సందులోంచి దారి చూస్తూ నడిపాను. తెల్లటి ఉప్పు మీద ఎండ పడి కళ్ళు పొడుస్తోంది. వెనక నూకాలు తల దాని మొగుడి ఒళ్ళో ఉంది. దంపతులు సంచుల్లో వాంతి చేసుకుంటున్నారు. గవరయ్య సీట్ల మధ్య కూర్చుని సంచులు పట్టుకుంటున్నాడు. వాణ్ణి ఎక్కమని నేను చెప్పలేదు. దిగమని కూడా చెప్పలేదు.

సగం దారిలో బ్యాటరీ ముల్లు ఎర్రగీత వైపు పాకింది. లోపలి గది చల్లబరచడం ఆపేసి ఉన్న చల్లదనమంతా బ్యాటరీకే తిప్పాను. ఇక మేమంతా ఉడకడం మొదలైంది. చల్లగాలి రంధ్రాల్లోంచి వేడి గులాబీ వాసన వచ్చింది. ఎక్కడో మూత సందు నుంచి ఆవిరి లోపలికి తగులుతోంది. నా ముక్కులో, నాలుక మీద, కళ్ళలో అదే వాసన. ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, రెండో చేత్తో మూతికి తడిగుడ్డ నొక్కుకుని, నాకు తెలిసిన బూతులన్నీ వరసగా తిట్టుకుంటూ నడిపాను. నూకాలుకు స్పృహ ఉంటే మెచ్చుకునేది.

ముల్లు ఎర్రగీతను ముట్టుకుంది. దాటలేదు. బండి ఎక్కడా ఆగలేదు.

శుక్రవారం, కొండాస్పత్రి

నూకాలు బతికింది. దాని కిడ్నీలు బతకలేదు.

డాక్టర్ ఫర్హానా గారు ఊదా దీపం నా చేతిలోంచి తీసుకుని, సీసా మీద, రోగుల మూత్రం మీద తనే వేసి చూశారు. దీపం ఆర్పి బల్ల మీద పెట్టారు.

"మిషన్ మీద ఉన్నవాళ్ళ రక్తం వారం వారం కడుగుతూ దీన్ని కూడా కడిగేస్తున్నాం," అన్నారు. "అందుకే వాళ్ళలో పెద్దగా తేడా కనబడలేదు. మిషన్ లేనివాళ్ళు నేరుగా పడిపోయారు. నేను మీ ఊరి నీళ్ళు తెప్పించాను గానీ, వాళ్ళేం తాగుతున్నారని ఒక్కరిని కూడా అడగలేదు."

గవరయ్యను కూడా పరీక్ష చేశారు. వాడి మూత్రం కూడా వెలిగింది. కిడ్నీలు సగం పోయాయి, జాగ్రత్తగా ఉంటే మిగతావి నిలబడవచ్చన్నారు. వాడు వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా తల ఎత్తుతున్నాడు. నేను ఆగడం లేదు.

ఆస్పత్రివాళ్ళు ఊరికి కబురు పంపారు, పానకం ఎవరూ తాగొద్దని. సాయంత్రం కొండలరావు ఫోనులో చెప్పాడు: కబురు అందిన తర్వాత జగ్గారావు ఇంటి ముందు జనం మూగారట, కొట్టడానికేమో అనుకుని కొండలరావు అటు పరిగెత్తాడట. కొందరు దానికే వచ్చారు. కొందరు మాత్రం మిగిలిన పీపాలు పారబోసేలోపు ఆఖరిసారిగా ఒక గ్లాసు దొరుకుతుందేమోనని గిన్నెలతో వచ్చారు.

నేను ఫోను పెట్టేసి చాలాసేపు చేతులు కడుక్కున్నాను.

సోమవారం, కొండాస్పత్రి

విచారణ ఇవాళ జరిగింది. మొన్ననే జగ్గారావును కొండ మీదికి తెచ్చారు. తెచ్చింది నేనే, ఊరికి ఇంకో బండి లేదు. దారంతా ఉక్కగా ఉందని గొణుగుతూనే ఉన్నాడు. దాహమంటే నీళ్ళిచ్చాను. మూత తీసి వాసన చూసి తాగాడు.

విచారణ గదిలోకి పోయేముందు బంగారునాయుడు గారు నన్ను పక్కకు పిలిచారు. మంచి మనిషే. మెల్లగా మాట్లాడారు.

"జగ్గారావు సంగతి తేలిపోయింది, ఆడికి శిక్ష తప్పదు. గవరయ్య నీ తమ్ముడు. కుర్రోడు కాడుగానీ బుద్ధి కుర్రదే. కూలెంట్ ఎలా పోయిందంటే గొట్టం సిట్లి కారిందని సెప్పు. కారిందాన్ని జగ్గారావు పట్టుకుపోయాడని సెప్పు. కొండలరావు నేను సెప్తే ఇంటాడు. నీకెవలున్నారమ్మా ఆడు తప్ప?"

నిజమే. నాకెవరూ లేరు.

లోపల గవరయ్య ఒక బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నా వైపు చూసి కళ్ళతోనే అడిగాడు. వాడు చిన్నప్పుడు నా కంచంలో ముద్ద కావాలంటే అలాగే చూసేవాడు. ఒక్క క్షణం నాకు ఆ గొట్టం చిట్లినట్టే అనిపించింది. చిట్లి ఉంటే ఎంత బావుండునో అనిపించింది. అంతలో వాడు పెదాలు తడుపుకున్నాడు. షెడ్డులో గొట్టం పీల్చి పెదాలు నాక్కున్న మనిషి కళ్ళ ముందుకు వచ్చాడు.

విచారణాధికారి అడిగారు, బండిలోంచి కూలెంట్ ఎలా పోయిందని.

"నా తమ్ముడు గవరయ్య తోడాడు," అన్నాను. "తాళం వాడి దగ్గర ఉంది. నోటితో పీల్చి తోడాడు. నేను కళ్ళారా చూశాను. అది విషమని వాడికి తెలీదు. బండిలోంచి తోడితే మేమంతా బయల్లో చస్తామని తెలుసు. రోజూ మమ్మల్ని ఎక్కించి, తలుపులు వేసి, జాగ్రత్తగా వెళ్ళిరమ్మని చెప్పేవాడు."

ఈ చివరి మాట ముందుగా అనుకున్నది కాదు. నోటికి వచ్చాక నాకే అర్థమైంది, వాడి మీద నాకు పుట్టిన రోతకు అసలు కారణం అదేనని.

గవరయ్య తల దించుకుని, "అవునండి," అన్నాడు.

జగ్గారావును బందీఖానాకు పంపారు. గవరయ్యను రెండేళ్ళు ఈ ఆస్పత్రిలోనే పెట్టారు, రోగుల వార్డులో బకెట్లు ఎత్తిపోసే పనికి. వాంతులు, మూత్రాలు, రక్తం సంచులు. నేను వరండాలో కూర్చుని ఇది రాస్తుంటే వాడు బకెట్టు పట్టుకుని పోతున్నాడు.

నూకాలు మంచం దగ్గరకు వెళ్ళాను. చేతికి సూది ఉంది, సూదికి గొట్టం, గొట్టానికి మిషను. దాని మొగుడు మూల కూర్చుని కునుకు తీస్తున్నాడు.

"తమ్ముణ్ణి నువ్వే పట్టిచ్చినావట?" అంది.

"ఊ."

"ఏడిసినావా?"

"లేదు. ఏడుపు రాలేదు. రోతే వస్తంది."

అది సూది లేని చేత్తో దుప్పటి సరిచేసుకుంది. "పొద్దున నా బకెట్టు ఆడే తీసినాడు," అంది. "మొకం సూపలేక కొంగులాగ గుడ్డ కప్పుకున్నాడు. నాను కావాలనే సగం కింద పోసినాను. ఎత్తనీ అనుకున్నాను. ఎత్తినాడు. ఎత్తి, నేల తుడిసి, నీళ్ళు కావాలా ఒదినా అని అడిగినాడు."

"తాగినావా?"

"దాహవేసింది," అంది నూకాలు. "తాగినాను."